ఎండాకాలంలో కాలనీ తోట: పచ్చిక వదిలేయాలా, చెట్లు ఎలా కాపాడుకోవాలి? (నాందేడ్)

ఆసనాతీరం, నాందేడ్

అందరికీ నమస్కారం. మా కాలనీ తోట గురించి సలహా కావాలి. ఆదివారం కమిటీ సమావేశం ఉంది. అక్కడ నోరు విప్పాలంటే చేతిలో లెక్క ఉండాలి.

తోటలో సుమారు 400 చదరపు మీటర్ల పచ్చిక, పది పెద్ద చెట్లు (వేపలు, కానుగలు, రెండు గుల్‌మొహర్లు), పోయిన వానాకాలం నాటిన పన్నెండు మొక్కలు ఉన్నాయి. ప్రహరీ పొడవునా మందారం, గన్నేరు. విష్ణుపురి జలాశయంలో మట్టం తగ్గేకొద్దీ కార్పొరేషన్ నీళ్లు వచ్చే రోజుల మధ్య ఎడం పెరిగింది. బోరు కాసేపు పోసి గాలి కక్కుతోంది. తోట కోసం ట్యాంకర్లు కొంటున్నామని తెలిసి, నెలనెలా నిర్వహణ డబ్బు కట్టేవాళ్లు గొడవకు దిగారు.

కమిటీలో మూడు వర్గాలు. ఒకరు నీళ్లు పూర్తిగా ఆపేయమంటున్నారు. ఇంకొకరు పచ్చిక పీకేసి సగం టైల్స్, సగం ప్లాస్టిక్ గడ్డి పరచమంటున్నారు. మూడో ఆయన నేలలోంచి పైకి లేచి చిమ్మే స్ప్రింక్లర్లకు ఒక డీలరు దగ్గర కొటేషన్ తెచ్చారు. నాకు మూడూ నచ్చలేదు. నాలుగో దారి ఏమిటో చెప్పలేకపోతున్నాను.

నల్లరేగడి, దెగ్లూర్

లెక్క నుంచే మొదలుపెడదాం అన్నా. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. ఏప్రిల్, మే నెలల్లో పచ్చిక పచ్చగా ఉండాలంటే రోజుకు 5 మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా తాగుతుంది. వడగాలి రోజుల్లో ఇంకా ఎక్కువ. 5 అనే పట్టుకుందాం. 400 చదరపు మీటర్లకు రోజుకు 2,000 లీటర్లు, వారానికి 14,000. పది వేల లీటర్ల ట్యాంకరు ఒకటి పూర్తిగా, రెండోదానిలో సగం దగ్గర దగ్గరగా.

ఇప్పుడు చెట్లు చూడండి. చిన్న మొక్కలు పన్నెండుకు వారానికి 20 లీటర్ల చొప్పున 240. పెద్ద చెట్లకు నెలకోసారి లోతుగా ఒక్కోదానికి 300 లీటర్లు పోశామనుకుంటే, పదింటికి 3,000. వారానికి పంచితే 750. అంతా కలిపి వెయ్యి లీటర్లు దాటదు. నిజానికి ముదురు వేపకు ఆ తడి కూడా లేకపోయినా గడుస్తుంది, ఈ నల్లనేలలో అది కిందికి ఎంత దూరం పోయి ఉంటుందో మనకు తెలియదు.

అంటే మీ ట్యాంకరు ఖర్చంతా గడ్డిదే. చెట్ల పేరు చెప్పి గడ్డి తాగుతోంది.

గడ్డి చచ్చిపోతుందేమోనని భయపడేవాళ్లకు ఒక మాట. మీది గరిక అయితే చావదు. పైన ఎండిపోయి గోధుమరంగులోకి మారుతుంది కానీ గణుపులూ వేళ్లూ కింద బతికే ఉంటాయి. మృగశిర వానలు రెండు పడితే లేస్తుంది, వినాయక చవితికి కాలనీవాళ్లు గరిక బయట కొననక్కర్లేదు. నర్సరీలో పలకలుగా కోసి అమ్మే కొరియన్, మెక్సికన్ గడ్డి అయితే పోతుంది. పోనివ్వండి. ఆ జాగాలో గరిక తనంతట తానే వస్తుంది.

చాదర్‌నేత, షోలాపూర్

కోపం తెచ్చుకోకండి. కానీ తాగునీటికి జనం బిందెలు పట్టుకుని నిలబడ్డ కాలంలో తోట గురించి చర్చేమిటి? మా ఊళ్లో ఉజనీ జలాశయం నిండిన ఏడాది కూడా కుళాయి రోజుల తరబడి ఎండి ఉంటుంది. రాత్రి సాంచాల (మరమగ్గాల) పని ముగించుకుని వచ్చి, నీళ్లు ఎప్పుడు వదులుతారో అని మళ్లీ మేలుకుని కూర్చునే ఇళ్లు పూర్వభాగ్ అంతటా ఉన్నాయి. వాళ్ల ముందు మీ మందారాలకు లీటర్ల లెక్కలు చెప్పగలరా?

మల్లెపందిరి, బల్లార్షా

చాదర్‌నేత గారూ, మీరు అన్నది గడ్డి విషయంలో నిజం. చెట్టు విషయంలో కాదు. మా చంద్రపూర్ జిల్లాలో మే నెల అంటే 45, 46 డిగ్రీలు మామూలు. బిందె పట్టుకుని వరుసలో నిలబడ్డ మనిషి కూడా ఎక్కడ నిలబడుతుంది? వేపచెట్టు కిందే కదా. మా వీధిలో ట్యాంకరు ఆపే చోటు ఎవరూ నిర్ణయించలేదు, నీడ నిర్ణయించింది.

ఆస్ట్రేలియాలో 1997 నుంచి 2009 దాకా పెద్ద కరవు సాగింది. నీళ్లు పొదుపు చేయాలని మెల్‌బోర్న్ నగరంలో పార్కులకు తడులు బాగా తగ్గించేశారు. గడ్డితో పాటు, దాని మధ్య నిలబడి ఆ తడి మీదే బతుకుతున్న పాత చెట్లు కూడా క్షీణించాయి. ఆ తరవాత 2012లో ఆ నగరం చెట్ల కోసమే విడిగా ఒక ప్రణాళిక రాసుకోవాల్సి వచ్చింది. గడ్డి మళ్లీ వేస్తే ఒక వానాకాలంలో వస్తుంది. నలభై ఏళ్ల కానుగను ఏ కమిటీ తీర్మానం చేసి తెస్తుంది?

కాబట్టి ఆసనాతీరం గారూ, మీ పచ్చికకు నీళ్లు ఆపిన రోజు నుంచే దాని మధ్యలో ఉన్న చెట్లను విడిగా గమనించండి. ఇన్నాళ్లూ అవి పచ్చికకు పోసిన నీళ్లలో వాటా తీసుకున్నాయి. పైపైన రోజూ తడిసే నేలలో వేళ్లు కూడా పైపైనే ఉంటాయి. ఒక్కసారిగా ఆపితే వేప తట్టుకోవచ్చు, గుల్‌మొహర్ తట్టుకోకపోవచ్చు.

మాంజరతీరం, లాతూరు

2016 ఏప్రిల్‌లో మిరజ్ నుంచి మా ఊరికి నీళ్ల రైలు వచ్చింది. మొదటి విడతలో పది వ్యాగన్లు, సుమారు ఐదు లక్షల లీటర్లు. అంతకు ముందు నెలలోనే నీళ్లు పట్టే చోట్ల గొడవలు జరుగుతాయని 144 సెక్షన్ పెట్టారు. అప్పుడు తోటల మాట ఎత్తేవాళ్లే లేరు. మా వీధిలో ముందటేడు నాటిన మొక్కలన్నీ పోయాయి, పాత వేపలు మిగిలాయి. స్నానం నీళ్లు కాలవలోకి వదలకుండా గుమ్మం ముందు చెట్టుకు పోసినవాళ్ల ఇళ్లలో మాత్రం చిన్నవీ మిగిలాయి. మా ఇంటి ముందున్న నేరేడు అలా బతికిందే.

చాదర్‌నేత, షోలాపూర్

సరే, చెట్ల వరకు ఒప్పుకుంటాను. ప్లాస్టిక్ గడ్డి మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. దానికి నీళ్లే అక్కర్లేదు కదా?

నల్లరేగడి, దెగ్లూర్

అక్కర్లేదని అమ్మేవాళ్లు చెబుతారు. ఎండలో ప్లాస్టిక్ గడ్డి పైభాగం 60 డిగ్రీలు దాటుతుందని కొలిచినవాళ్లు ఉన్నారు. పిల్లలు కాలు పెట్టాలంటే దాని మీద నీళ్లు చల్లాలి, దుమ్ము పడితే కడగాలి. మన ఊళ్ల దుమ్ముకు ఎన్నిసార్లు కడుగుతారో ఊహించుకోండి. టైల్స్ సంగతి ఇంకొకటి. సిమెంటు పోసి అతికిస్తే జూన్ వాన చుక్క కూడా నేలలోకి దిగదు, నేరుగా కాలవలోకి పోతుంది. తరవాత అదే నీటి కోసం బోరు లోతు పెంచుతారు. నడవడానికి దారి కావాలంటే ఇసుక మీద పలకలు పరిచి సందులు వదలండి. చెట్టు మొదలు చుట్టూ కనీసం మీటరు మేర ఏదీ పరచవద్దు.

పైపుమేస్త్రి, ధర్మాబాద్

మా వైపు మిరప తోటలకు డ్రిప్ వేస్తుంటాను, ఇళ్లకూ వేస్తాను. స్ప్రింక్లర్ కొటేషన్ చించేయండి. కరవు కాలంలో నీటిని గాలిలోకి చిమ్మే పని ఎవరూ చేయకూడదు. అదీ వడగాలి ఊళ్లో.

మీకు కావలసింది ఇంతే. కాలనీ ట్యాంకు మూడో అంతస్తు మీద ఉందా? నేల నుంచి పది మీటర్ల ఎత్తు ఉంటే అడుగున చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ప్రెషర్ వస్తుంది. డ్రిప్‌కు సరిగ్గా అదే కావాలి, మోటారు పెట్టనక్కర్లేదు. ట్యాంకు దిగువన వాల్వు, దాని తరవాత జాలీ ఫిల్టరు, ఆ తరవాత 16 మిల్లీమీటర్ల నల్ల పైపు. చిన్న మొక్క ఒక్కోదానికి గంటకు 2 లీటర్లు వదిలే డ్రిప్పర్లు రెండు, మొదలుకు అటూ ఇటూ అడుగున్నర దూరంలో. ఐదు గంటలు వదిలితే 20 లీటర్లు. వారానికి ఒక రాత్రి చాలు.

గంటకు 8 లీటర్లవి వేయమని అడుగుతారు కొందరు, త్వరగా అయిపోతుందని. నల్లనేల అంత వేగంగా తాగదు. మడుగు కట్టి పక్కకు పారుతుంది. ఈ నేలలో నీరు కిందికన్నా పక్కలకు ఎక్కువ పాకుతుంది కాబట్టి డ్రిప్పర్ల మధ్య ఎడం ఎక్కువైనా ఫరవాలేదు. ఫిల్టరు మాత్రం మానవద్దు. ఫిల్టరు డబ్బు మిగిల్చుకున్న ఇంటికి మళ్లీ నన్నే పిలుస్తారు, అది నాకు లాభమే అనుకోండి.

ట్యాంకు ఎత్తులో లేనివాళ్లు 200 లీటర్ల డ్రమ్మును నాలుగైదు అడుగుల దిమ్మె మీద పెట్టుకుని కూడా నడిపించవచ్చు. ప్రెషర్ తక్కువ కాబట్టి పైపు పొడవు పదిహేను మీటర్లు దాటనివ్వకండి. ప్రెషర్ సమం చేసే రకం డ్రిప్పర్లు అంత తక్కువ ఒత్తిడికి తెరుచుకోవు, మామూలువే కొనండి.

ఆసనాతీరం, నాందేడ్

మేస్త్రి గారూ, ఇదే కావాలి నాకు. ట్యాంకు మూడో అంతస్తు మీదే ఉంది.

ఒక అనుమానం. ప్రహరీకి ఆనుకుని ఉన్న మందారాలకూ ఇదే పైపు లాగవచ్చా? ఆ గోడకు ఇప్పటికే రెండు మూడు చోట్ల పగుళ్లు ఉన్నాయి.

నల్లరేగడి, దెగ్లూర్

ఆగండి. ఆ పగుళ్లకు మందారాల నీళ్లే కారణం కావచ్చు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. ప్రహరీ పునాది లోతు తక్కువ. గోడకు లోపలి వైపు రోజూ తడి, రోడ్డు వైపు బీటలువారిన ఎండునేల. ఒక పక్క నేల లేస్తుంది, ఇంకో పక్క దిగుతుంది. గోడ ఏం చేస్తుంది మరి? ఇంటి గోడలకు కూడా ఇదే వర్తిస్తుంది. పునాదికి కనీసం మీటరున్నర దూరంలో తడి పెట్టండి. మందారాలను ఈ ఎండల్లో పీకి నాటలేరు. డ్రిప్పర్‌ను గోడ వైపు కాకుండా తోట వైపు అడుగున్నర, రెండు అడుగులు జరపండి, వేళ్లు అటు వస్తాయి. వానాకాలంలో కొమ్మలు నాటి కొత్త వరుస లోపలికి తెచ్చుకోండి.

ఇంకొకటి. తడి ఎంత లోతుకు దిగిందో పైన చూసి ఎవరూ చెప్పలేరు. వేలెడు మందం ఇనుప చువ్వ తీసుకోండి. నీళ్లు పెట్టిన మర్నాడు పొద్దున మొక్కకు అడుగు దూరంలో చేత్తో నొక్కండి. తడి ఉన్నంత మేర మెత్తగా దిగుతుంది, పొడి మొదలైన చోట టక్కున ఆగుతుంది. మళ్లీ పైకి లాగి మట్టి అంటిన మేర జానలతో కొలవండి. చిన్న మొక్కకు రెండు జానలు, పెద్ద చెట్టుకు మూడు. అంతకన్నా తక్కువ దిగితే ఇంకో గంట వదలాలి. చువ్వ సులువుగా ఇంకా లోతుకు పోతుంటే నీళ్లు వృథా అవుతున్నట్టు.

పెద్ద చెట్టుకు మొదలు దగ్గర పోయకండి. నీరు పీల్చే సన్నవేళ్లు కొమ్మల చివరల నీడ పడే చోట ఉంటాయి. అక్కడ గుండ్రంగా పాదు తీసి పోయండి. మొదలు దగ్గర బకెట్లు కుమ్మరించడం కంటికి తృప్తి తప్ప చెట్టుకు ఉపయోగం తక్కువ.

ఋషికుల్య, బరంపురం

ఒడిశా వైపు నుంచి ఒక మాట. మేస్త్రి గారు చెప్పిన ఎడాలు, గంటలు చదివి మా గంజాంలోని తీరప్రాంతం వాళ్లు అలాగే చేస్తే మొక్కలు పోతాయి. మాది ఇసుకనేల. నీరు పక్కకు పాకదు, సూటిగా కిందికి జారిపోతుంది. మాకు డ్రిప్పర్లు అడుగుకొకటి కావాలి, తడి తక్కువగా రెండు మూడు రోజులకోసారి ఇవ్వాలి. పశువుల ఎరువు, కొబ్బరి పీచు పొట్టు కలిపితేనే తడి నిలుస్తుంది.

డ్రిప్ కూడా అక్కర్లేని పద్ధతి ఒకటి మేం వాడుతున్నాం. పూత పూయని పాత మట్టికుండను మెడ వరకు పాతి, నీళ్లు నింపి, మూకుడు మూసేయడం. కుండ గోడల నుంచి నీరు చెమ్మగిల్లుతూ చుట్టూ ఉన్న వేళ్లకు అందుతుంది. నేల పొడిబారితే ఎక్కువ వదులుతుంది, తడిగా ఉంటే ఆగుతుంది. పైభాగం పొడిగా ఉండటం వల్ల కలుపు కూడా రాదు. మూత తప్పనిసరి, లేకపోతే దోమలు. ఏడాది రెండేళ్లకు ఉప్పు పట్టి కుండ నీరు వదలడం మానేస్తుంది, అప్పుడు మార్చాలి. మా పెరట్లో వంగ, టమాటా, కరివేపాకు దీని మీదే.

ఆసనాతీరం, నాందేడ్

కుండలు పిల్లలు ఆడే తోటలో నిలుస్తాయా అని సందేహం, కానీ మా పెరటికి తప్పక ప్రయత్నిస్తాను అక్కయ్యా.

మల్లెపందిరి, బల్లార్షా

ఇక స్నానం నీళ్ల దగ్గరకు వద్దాం. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు అని మన దేశపు ప్రమాణం. అందులో స్నానానికి 55, బట్టలకు 20 అని వేసుకున్నారు. అంటే సగానికి పైగా నీరు సబ్బు నురగతో కాలవలోకి పోతోంది. కరవులో మనకు అందేది ఆ 135లో సగమే అనుకున్నా, కాలనీలో ఇన్ని ఇళ్ల స్నానం నీళ్లు కలిస్తే మీ చెట్లకు ట్యాంకరే అక్కర్లేదు.

మా ఇంట్లో స్నానాల గది గొట్టాన్ని విడదీసి గులకరాళ్లు, ఇసుక నింపిన గుంటలోకి వదిలాం. ఆ గుంట చుట్టూ అరటి, మెట్టతామర. అక్కడి నుంచి పొంగినది జామచెట్టు పాదులోకి పోతుంది. నిల్వ మాత్రం పెట్టవద్దు, ఒక రోజు దాటితే కంపు కొడుతుంది. ఆకుకూరలకు పోయవద్దు. వంటింటి జిడ్డునీళ్లు ఇందులో కలపవద్దు.

నల్లరేగడి, దెగ్లూర్

మల్లెపందిరి అక్కయ్య చెప్పింది బాగుంది, ఒక షరతు కలుపుతాను. బట్టల సబ్బుపొడిలో సోడియం ఉంటుంది. నల్లరేగడికి సోడియం పడదు. మట్టి రేణువులు విడిపోయి, నేల పైన పెచ్చు కట్టి, నీరు ఇంకడం మానేస్తుంది. తెల్లటి పొర కనిపించినా, పోసిన నీళ్లు నిలిచిపోతున్నా అదే గుర్తు. స్నానం నీళ్లు ఫరవాలేదు. బట్టల నీళ్లలో మొదటి నురగ మరుగుదొడ్డికి పోసి, జాడించిన నీళ్లే చెట్లకు వాడండి. ఒకే చెట్టుకు రోజూ కాకుండా మార్చి మార్చి పోయండి. నేల చెడుతోందనిపిస్తే పాదులో జిప్సం కలిపితే వానాకాలంలో ఉప్పు కిందికి కడిగేసుకుపోతుంది.

ఆర్‌ఓ యంత్రం వదిలే నీరు మొక్కలకు వద్దు. బోరులో ఉన్న ఉప్పంతా దానిలోకే చేరుతుంది. ఇల్లు తుడవడానికి వాడండి. ఏసీ గొట్టం నుంచి కారే నీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం, అందులో ఉప్పే ఉండదు. కుండీలకు హాయిగా పోయవచ్చు, తాగడానికి మాత్రం కాదు.

గోదారిబిడ్డ, సిరొంచ

మా ఊరి పక్కనే ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అయినా ఎండాకాలం మా వీధి కుళాయి సంగతి అడగవద్దు. నది ఉన్న ఊళ్లన్నిటికీ నీళ్లున్నాయని ఎవరూ అనుకోకండి. ధర్మాబాద్ అన్నకు తెలుసు, బాభ్లీ బ్యారేజీ దగ్గర గోదావరి నీటికి కూడా తేదీలున్నాయి.

పైపుమేస్త్రి, ధర్మాబాద్

తెలియకేం. 2013లో సుప్రీంకోర్టు చెప్పినట్టు జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా బాభ్లీ గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. వానాకాలంలో కళ్ల ముందే నీరు పోతుంటే చూస్తాం. దాని న్యాయాన్యాయాలు ఇక్కడ వద్దు, కింద ఉన్నవాళ్లూ మనవాళ్లే.

చెరకుగడ, పర్భణీ

ఇంత చర్చ చదివి నవ్వొస్తోంది. మరాఠ్వాడాలో కాలవల నీళ్లూ బావుల నీళ్లూ ఎక్కువ భాగం తాగుతున్నది చెరకు. చక్కెర కర్మాగారాలు నడుస్తున్నంత కాలం మీరు స్నానం నీళ్లు వంద గుంటల్లో వడపోసినా జలాశయం మట్టం అంగుళం పెరగదు. అడగాల్సినవాళ్లను అడగకుండా మందారాలను పస్తు పెడుతున్నారు.

చాదర్‌నేత, షోలాపూర్

చెరకుగడ అనే పేరు పెట్టుకుని మీరే ఈ మాట అనడం బాగుంది. అయినా మాటలో నిజం ఉంది. మా జిల్లాలో కర్మాగారాలు ఎన్నో లెక్కపెట్టలేం.

నల్లరేగడి, దెగ్లూర్

నేనూ రైతునే, కాదనను. కాలవల కింద చెరకుకు డ్రిప్ తప్పనిసరి చేస్తామని 2017లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. అమలు ఎంతవరకు వచ్చిందో పొలాల్లో నడిచి చూస్తే కనిపిస్తుంది. అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్) జిల్లా హివరే బజార్‌లో ఊరంతా కూర్చుని చెరకు వద్దు, సాగుకు బోరు వద్దు అని కట్టుబాటు పెట్టుకున్నారు, ఏటా నీటి లెక్క చూసి పంట నిర్ణయిస్తారు. అది ఊరి స్థాయిలో జరిగింది. ఆసనాతీరం గారి కమిటీకి చెరకు మీద అధికారం లేదు, ట్యాంకరు బిల్లు మీద ఉంది. ఆదివారం వాళ్లు నిర్ణయించగలిగింది అదే.

వేదిక నిర్వాహకుడు

చెరకు గురించి విడిగా చర్చ మొదలుపెట్టండి. ఇక్కడ తోట వరకే ఉందాం.

మాంజరతీరం, లాతూరు

కార్పొరేషన్ వాళ్ల డివైడర్ మొక్కల సంగతి కూడా తోటే కదా? మిట్టమధ్యాహ్నం ట్యాంకరు ఆపి లావుపాటి పైపుతో కొడతారు. మట్టి ఎగిరి రోడ్డు మీద పడుతుంది, వేళ్లు బయటపడతాయి, నీళ్లు తారు మీద ఆవిరైపోతాయి. డివైడర్‌లో ఉన్నది కాగితంపూల తీగ, గన్నేరు. వాటికి అన్ని నీళ్లు అవసరమే లేదు. మురుగు శుద్ధి చేసిన నీటిని ట్యాంకర్లలో వాడితే ఈ మాత్రం బాధ కూడా ఉండదు. నాగ్‌పూర్‌లో నగరపు మురుగునీటిని శుద్ధి చేసి కోరాడి థర్మల్ కేంద్రానికి పంపుతున్నారు. విద్యుత్ కేంద్రానికి పనికొచ్చిన నీరు గన్నేరుకు పనికిరాదా?

అమెరికాలో డెన్వర్ నగరపు నీటి సంస్థ వాళ్లు 1981లోనే తక్కువ నీటి తోటల పద్ధతికి ‘జీరిస్కేప్’ అని పేరు పెట్టి ప్రచారం చేశారు. లాస్ వేగస్ ఉన్న నెవాడాలో అలంకారం కోసం పెంచే గడ్డికి కొలరాడో నది నీరు పెట్టకూడదని 2021లో చట్టం చేశారు, 2027 నుంచి అమలు. అంత డబ్బున్న ఊరే గడ్డి పీకేస్తుంటే, నీళ్ల రైలు చూసిన మనం కొత్త వెంచర్ ప్రకటనల్లో పచ్చిక బొమ్మ చూసి ప్లాట్లు కొంటున్నాం.

ఆసనాతీరం, నాందేడ్

వానాకాలంలో పచ్చిక సగం తీసేసి ఏమి నాటితే బాగుంటుంది? కమిటీ వాళ్లకు ‘అందంగా’ ఉండాలి. కోనోకార్పస్ వేద్దామని ఒకరు అప్పుడే అన్నారు.

మల్లెపందిరి, బల్లార్షా

కోనోకార్పస్ మాత్రం వద్దు. గుజరాత్‌లో 2023లో దాన్ని నాటడమే నిషేధించారు. వేళ్లు పైపుల్లోకి దూరతాయి, పుప్పొడితో ఊపిరి ఇబ్బందులు వస్తాయని ఫిర్యాదులు.

అందం కావాలంటే రేల చాలదా? సరిగ్గా మండే ఎండలో పసుపు గుత్తులు దింపుతుంది. దేవగన్నేరు, కాగితంపూల తీగ, నందివర్ధనం, పారిజాతం పెట్టండి. నేల కప్పడానికి కలబంద పెట్టండి, మిగతా చోట గరికనే ఉండనివ్వండి. తినేవి కావాలంటే మునగ, సీతాఫలం, ఉసిరి, రేగు. గన్నేరు కరవుకు గట్టిదే కానీ ఆకు విషం, పిల్లలు ఆడే మూలకు దూరంగా నాటండి. అన్నిటికన్నా ముఖ్యం, దాహం ఒకేలా ఉన్నవాటిని ఒకే చోట పెట్టండి. కలబంద పక్కన మందారం నాటితే ఒకటి కుళ్లుతుంది, లేదా ఇంకొకటి ఎండుతుంది.

నల్లరేగడి, దెగ్లూర్

నాటే ముందు ఆకులు కాల్చడం ఆపించండి. మార్చిలో రాలిన వేపాకు, కానుగాకు అంతా కుప్ప పోసి తగలబెట్టేసి, ఏప్రిల్‌లో నేల బీటలువారిందని ఏడుస్తాం. పాదులో మూడు అంగుళాల మందాన ఆకులు పరచండి, మొదలుకు మాత్రం జానెడు ఎడం వదలండి. డ్రిప్ పైపు ఆకుల కింద ఉండాలి, పైన ఉంటే ఆకులు తడిసి ఊరుకుంటాయి. చెదలకు భయపడితే వేపపిండి చల్లండి. ఆకులు చాలకపోతే నేలను పైపైన రెండు అంగుళాలు గుల్ల చేసి బీటలు పూడ్చండి. ఆ బీటల్లోంచే లోపలి తడి ఆవిరవుతుంది. గుంటక తోలడం సగం తడి పెట్టడమని మా తాత అనేవాడు.

వాన వచ్చేలోగా మేడ గొట్టాల సంగతి కూడా చూసుకోండి. వంద చదరపు మీటర్ల కప్పు మీద 800 మిల్లీమీటర్లు పడినా 80,000 లీటర్లు. ఐదో వంతు పోయిందనుకున్నా 64,000. మొదటి వాన మురికి బయటికి వదిలి, తరవాతిది కంకర, ఇసుక గుంట గుండా నేలలోకి దించండి. వడపోయకుండా నేరుగా బోరులోకి వదిలితే బోరు పాడవుతుంది.

ఆసనాతీరం, నాందేడ్

సమావేశం అయిపోయింది, సంగతులు రాస్తున్నాను. లీటర్ల లెక్క చదివేసరికి స్ప్రింక్లర్ ఆయన కొటేషన్ జేబులో పెట్టేసుకున్నారు. పచ్చికకు నీళ్లు ఆగాయి. ప్లాస్టిక్ గడ్డి ప్రతిపాదన చావలేదు, వాయిదా పడింది. మొక్కలకు డ్రిప్ వేయించాం, కింది అంతస్తు ఇళ్ల స్నానం నీళ్లు కానుగల పాదుల్లోకి మళ్లాయి. ఒక ఇంటివాళ్లు మాత్రం ఒప్పుకోలేదు, తమ స్నానం నీళ్లు నలుగురూ తిరిగే చోట పారడం బాగుండదన్నారు. బలవంతం చేయలేదు. గడ్డి గోధుమరంగుకు తిరిగాక పిల్లలు దాని మీద క్రికెట్ మొదలుపెట్టారు. ఇదివరకు వాచ్‌మన్ తరిమేవాడు.

చువ్వ పరీక్ష చేశాం. గుల్‌మొహర్ల దగ్గర జానెడు కూడా దిగలేదు. ముందు వాటికే పోస్తున్నాం.

మేస్త్రి గారికి ఒక ప్రశ్న. కొన్ని డ్రిప్పర్ల నోటి దగ్గర అప్పుడే తెల్లగా పెచ్చు కడుతోంది, రెండు డ్రిప్పర్లయితే చుక్క కూడా వదలడం లేదు.

పైపుమేస్త్రి, ధర్మాబాద్

బోరునీటి సున్నం అది. మీకు వేసినవి మూత తిప్పి విప్పే రకమైతే విప్పి, వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. సూదితో పొడవవద్దు, రంధ్రం పెద్దదై ఆ మొక్కకే నీళ్లన్నీ పోతాయి. వారానికోసారి పైపు చివరి మూత తీసి రెండు నిమిషాలు నీళ్లు బయటికి పోనివ్వండి, అడుగున చేరిన మట్టి పోతుంది. ఫిల్టరు జాలీ కడిగేటప్పుడు వాల్వు కట్టేసి విప్పండి. లోపల నల్ల రబ్బరు వాషరు ఉంటుంది, గడ్డిలో పడేసుకోకండి. అది విడిగా దొరకదు, ఫిల్టరు మొత్తం కొనాల్సి వస్తుంది.